చిన్నబాపు మడి నిండిన రోజు

మొయినాబాద్ అవతల మా నాలుగిళ్ల పొలాలకు ఒక్కటే బోరు. పైపు చివర చిన్నబాపు మడి. నీళ్లు అక్కడికి చేరేసరికి కరెంటు పోయేది.

ఒకసారి రైతుల బస్సులో సముద్రం దగ్గరి ఊళ్లు చూసొచ్చాను. అక్కడ ఎద్దడి వస్తే ముందు కాలువ చివరి పొలానికే నీళ్లు వదులుతారట. నాకు తెగ నచ్చింది. వచ్చీ రాగానే నా చేత్తోనే కాగితం రాశాను: "చివరి పొలం నిండేదాకా పైవాళ్లు వాల్వు ముట్టరాదు." అందరం సంతకాలు పెట్టాం. చిన్నబాపు కళ్లు తుడుచుకున్నాడు.

ఆ సంతకాల తడి ఆరకముందే ఆయన మోకాళ్లు మొరాయించాయి. మడిని, బోరు వంతుతో సహా, పట్నం సేటుకు అమ్మేశాడు. సేటు ఆ మడిలో గదంత ఈతకొలను తవ్వించి, చిన్నబాపునే తోటమాలిగా పెట్టుకున్నాడు. వాల్వు తిప్పేదీ ఆయనే.

ఈ వేసవిలో కొలనుకు నీళ్లు వదిలారు. మూడు రోజులైనా నిండదే! అడుగున ఎక్కడో పగులుంది. ఇవతల పూత మీదున్న నా టమాట వాడిపోతోంది. మా ఇంటికి ఏడాది తిండి అదే.

"బంద్ చెయ్ చిన్నబాపూ!" అని అరిచాను.

"రెండు వేళ్ల మందం తక్కువున్నది బిడ్డా. నిండేదాక ముట్టద్దని నువ్వే రాసినవ్ గద."

"నేను పొలం గురించి రాసిన!"

"గిది పొలం కాదని యాడ రాసినవ్?"

కాగితం తెప్పించి చదివాను. ఎక్కడా లేదు. నా చెంపలు నేనే వాయించుకోవాలి.

ఒళ్లు మండి, లుంగీతోనే కొలనులో దూకాను. నీళ్లు కాస్త పైకి లేచాయి. చిన్నబాపు వంగి, వేలు పెట్టి కొలిచాడు.

"జర తక్కువున్నది."

పక్క పొలం అన్న దూకాడు. ఆ పై పొలం వదిన "థూ, ఇదేం కర్మరా!" అని తిడుతూ, కొంగు దోపుకుని దిగింది.

"ఇంకొంచెం," అన్నాడు చిన్నబాపు.

ఇక మిగిలింది ఆయనే. ముగ్గురం ఆయన వంకే చూశాం. సేటు ఇచ్చిన యూనిఫారం తడుస్తుందని కూడా చూడకుండా, కడ్డీ పట్టుకుని మెల్లగా దిగాడు. నీళ్లు గట్టును తాకాయి.

"నిండింది!" అని ముగ్గురం కేకపెట్టాం. "ఇగ ఎక్కి వాల్వు తిప్పు చిన్నబాపూ!"

ఆయన కదల్లేదు. మెడలోతు నీళ్లలో నిలబడి చుట్టూ చూస్తున్నాడు.

"మీరే తిప్పుకోండ్రి. నా మడి నిండంగ ఎన్నడు జూడలే. జరసేపు ఉంటా."

నా కోపమంతా ఎటుపోయిందో. వాల్వు దగ్గరికి పరుగెత్తాల్సినవాణ్ణి, ఆయన పక్కనే నిలబడిపోయాను. వదినే వెళ్లి తిప్పింది.