పిన్ని బిగించిన వాన గొట్టం

మా పిన్ని నిచ్చెన ఎక్కుతానన్న రోజు ఇంట్లో అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. ఎక్కితే తప్పేంటట? బాబాయి ఇళ్ళకి వాన గొట్టాలు బిగిస్తుంటే, ఇన్నేళ్ళూ కింద నిలబడి అందించింది ఆవిడే కదా! పోయినేడు తడి మెట్టు మీద కాలు జారి బాబాయి కింద పడ్డాడు. ఎముక అతుక్కుంది గానీ ధైర్యం మాత్రం తిరిగి రాలేదు. నిచ్చెన అమ్మేద్దామని ఒకటే పోరు.

"నాకీ పనే ఇష్టం. ఒక్క ఇల్లు నన్ను చెయ్యనివ్వండి. అతుకుల్లో చుక్క నీరు కారినా అమ్మేద్దురుగాని," అంది పిన్ని.

ఆ ఒక్క ఇల్లూ మాదే అయింది. పాత గొట్టం నడిమికి పగిలి, వానొస్తే నీళ్ళన్నీ మా పడగ్గది గోడలోకే దిగుతున్నాయి.

బాబాయి పాత ప్యాంటు తొడుక్కుని, పాదాల దగ్గర మడతలు పెట్టి పిన్ని చకచకా ఎక్కేసింది. గోడకి ఆనించి నిలబెట్టిన గొట్టాలు బాబాయి ఒక్కోటి అందించడం, మళ్ళీ నిచ్చెన పట్టుకోవడం. మెడ పైకెత్తి మహా శ్రద్ధగా నిలబడ్డాడు. పిన్ని దిగాక నేను డాబా ఎక్కి బకెట్టు నీళ్ళు కుమ్మరించాను.

ప్రతి అతుకు దగ్గరా నీళ్ళు చిమ్మాయి. ఇంకా నిచ్చెన పట్టుకునే ఉన్న బాబాయి నిలువునా తడిశాడు. తుడుచుకోవడానికి ఓ గుడ్డ పట్టుకుని కిందికి పరుగెత్తాను.

"ఇదేంటండీ! వెడల్పు మూతులన్నీ కిందికున్నాయి! అవి పైకుంటేనేగా పై గొట్టం అందులో కూర్చునేది? కిందనుంచి చూస్తూ చెప్పొద్దూ?" అంటోంది పిన్ని.

"చూళ్ళేదే," అన్నాడు బాబాయి గొణుగుతూ.

"తల పైకెత్తే ఉన్నారుగా!"

"కళ్ళు మూసుకున్నా. నువ్వు మెట్టు మెట్టూ ఎక్కుతుంటే నా పై ప్రాణాలు పైనే పోతున్నాయి."

"అయితే కళ్ళు మూసుకునే అందించారా? మీ చేతి నుంచి తప్పు రాదని వచ్చింది వచ్చినట్టే బిగించానే!"

పిన్ని మొహం వాడిపోయింది. "మాటంటే మాటే. అమ్మేయండి," అంది.

నాకు ఒళ్ళు మండింది. "కళ్ళు మూసుకున్నది ఆయనైతే శిక్ష నీకా? బాగుంది వరస! ముందు నా గోడ సంగతి చెప్పు."

"దీని గోడ తడవనివ్వను. ఊడదీసి సరిగ్గా బిగించే పోదాం," అంటూ పిన్ని మళ్ళీ నిచ్చెన మీద కాలు పెట్టబోయింది.

"ఆగవే!" బాబాయి కేక పెట్టాడు. "మెట్లన్నీ తడి. కనబడట్లేదూ?"

నా చేతిలో గుడ్డ లాక్కుని మొదటి మెట్టు తుడిచాడు. తర్వాత దాని పైది. అందని మెట్టు కోసం తుడిచిన మెట్టెక్కాడు. అలా సన్‌షేడ్ దాకా వెళ్ళాక గానీ తానెక్కడున్నాడో ఆయనకి తెలిసినట్టు లేదు.

"ఒసేయ్, నేను పైనున్నానే!"

పిన్ని వైపు చూశాను. రెండు చేతులా నిచ్చెన పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది.

"పిన్నీ, నువ్వు కూడానా!"

"నోర్ముయ్. ఆయన దిగాక చెప్పు."

బాబాయి చివరి మెట్టు దాకా తుడిచే దిగాడు. మొహం వెలిగిపోతోంది. ఆ మొహం చూస్తే నాకు ఏడుపొచ్చినంత పనైంది. పిన్ని గొట్టాలన్నీ ఊడదీసి, మూతులు పైకి పెట్టి మళ్ళీ బిగించింది. ఈసారి బాబాయి రెప్ప వెయ్యలేదు, నోరూ మూయలేదు. కుడికి జరుపు, కాదు ఎడమకి, ఆ మేకు వదులుగా ఉంది, కాలు చూసి పెట్టు.

"చంపుకు తింటున్నారు! కాసేపు కళ్ళు మూసుకోండి," అని అరిచింది పిన్ని.

మళ్ళీ బకెట్టు కుమ్మరించాను. నీళ్ళు గొట్టంలోంచి గడగడా దిగి అడుగున కాలవలో పడ్డాయి. బాబాయి నిచ్చెనెక్కి ఒక్కో అతుకూ చేత్తో తడిమి, దిగొచ్చి ఆ అరచెయ్యి పిన్నికి చూపించాడు. పొడిగా ఉంది.

"మరి నిచ్చెన?" అన్నాను పైనుంచే.

బాబాయి అప్పటికే దాన్ని భుజానికెత్తుకున్నాడు. "రేపు ఎవరింటికెళ్ళాలో మీ పిన్నినడుగు," అన్నాడు.