రాగి వాషరు

మా పాత లారీ పొద్దున్నే స్టార్టు అయ్యేది కాదు, అయ్యాక నిలబడిన చోటే వణికేది. ఇంజిను పోయిందని అందరూ అనేసరికి, తుక్కుకి అమ్మేసే ముందు ఆటోనగర్ సాయిబు మేస్త్రీకి చూపించడానికి నేనూ మావారూ వెళ్ళాం.

ఆయన స్క్రూడ్రైవరు కొన ఇంజినుకి, పిడి చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నారు.

"నాడి సూత్తన్నావేటి బాయ్?" అన్నారు మావారు.

"ఆగు బావా, దాన్ని మాటాడనీ."

ఇంజిను నడుస్తుండగానే డీజిలు పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేసి చూశారు; పనిచేసే దగ్గర వదిలితే చప్పుడు మారాలి. మూడోది వదిలినా మారలేదు, లోపం అక్కడే. అక్కడ డీజిలు చిమ్మే నాజిల్ ఊడదీసి, కింద ఉన్న రాగి వాషరు పైకి తీసి చూశారు.

"పోయినసారి ఇది ఇప్పినప్పుడు కొత్తది ఎయ్యకుండా నానే పాత వాషరు పెట్టీసేను. తప్పు నాదే సెల్లెమ్మా. ఇంజిను బంగారం."

పనివాళ్ళంతా విన్నారు. ఆ వాషరు జేబులో వేసుకుని ఉంటే మాకు తెలిసేదే కాదు. కొత్తది వేయగానే లారీ ఒక్క తిప్పుకే అందుకుంది.

దేవుడి ముందు ఒంటరిగా తప్పులు ఒప్పుకోవడం నాకు అలవాటే. నలుగురిలో ఒప్పుకునే ఆ మేస్త్రీ ధైర్యం నాకూ ఇమ్మని ఇప్పటికీ ఆ దేవుణ్ణే అడుగుతున్నాను.