చింతపండుతో తోమిన వెండి డాలరు

బేరంలో నన్ను మించినవాళ్లు అమెరికాలో మేముండే అల్ఫారెట్టాలో లేరు. నూట యాభై డాలర్లు చెప్పిన పాత వెండి డాలరు నాణేన్ని డెబ్బైకి తెచ్చాను, అదీ కారు బ్రేకుల కోసం తీసిపెట్టిన డబ్బులోంచి. మా ఆయన ప్రాజెక్టు ఆ నెలాఖరుతో అయిపోతోంది, ఆ తర్వాత జీతం ఉంటుందో లేదో. దాన్ని రెండింతలకు అమ్మేస్తే బ్రేకులూ అవుతాయి, ఒక వారం సరుకులూ వస్తాయని నా తెలివి.

శనివారం గరాజ్ సేల్‌లో, ఇంటి ముందు పాత సామాన్లు అమ్ముతున్న ఒక ముసలావిడ నా మొదటి మాటకే సరేనంది. అప్పుడే నాకు అనుమానం పట్టుకుంది. తెనాలిలో మా నాన్నది పాత్రల కొట్టు. అడిగిన ధరకి టక్కున ఇచ్చేశారంటే సరుకులో ఏదో లొసుగుందని మా వీధిలో పలక పట్టే పిల్లలకి కూడా తెలుసు.

ఇంటికొచ్చి ఫ్రిజ్ మీది అయస్కాంతం ఆనించాను. అంటుకోలేదు. ఇత్తడీ అంటుకోదుగా! వంటగట్టు మీద పడేస్తే ఖంగుమంది. కానీ అంచు చుట్టూ నీలం, ఊదా, బంగారు రంగులు. నేనెరిగిన వెండి నల్లబడుతుంది గానీ నెమలి కంఠంలా మెరవదు. ఇది పూతే అనుకున్నాను. ఒక ఫోటో తీసిపెట్టుకుని, నాలుగు రోజులు నలిగి, గురువారం చింతపండూ ఉప్పూ వేసి తోమాను. తెల్లటి వెండి బయటపడింది. ఆ పూట అన్నం సహించింది.

సాయంత్రం మా ఆయన, బ్రేకులు కీచుమంటున్నాయి, ఇంకా చూపించలేదా అన్నాడు. వచ్చేవారం అన్నాను.

"పిల్లను ఎక్కించుకు తిరిగేది నువ్వే," అన్నాడు.

మర్నాడు పిల్లను స్కూల్లో దింపి, ముందు కారుకి రెండు కార్ల ఎడం వదులుకుంటూ నాణేల కొట్టుకి డ్రైవ్ చేశాను. కొట్టు పెద్దాయన భూతద్దంతో చూసి, అసలైనదే అన్నాడు. ఊపిరొచ్చింది. దీన్నెవరు తోమారని అడిగాడు. నేనేనని చెప్పి, ముందెంత మురికిగా ఉండేదో చూడమని ఫోటో చూపించాను. ఆయన భూతద్దం పక్కన పెట్టేశాడు. ఈ రకం డాలర్లు బోలెడున్నాయట. ఏళ్లు గడిచి దానంతటది పట్టిన ఆ రంగులకేనట డబ్బంతా.

"ఈ ఫోటోలో ఉన్నట్టే తెచ్చుంటే మూడు వందలిచ్చేవాణ్ణి. ఇప్పుడు వెండి బరువుకి పాతిక."

అలవాటు కొద్దీ ముప్ఫై అన్నాను. ఇరవై ఆరుకి తెగింది.

బ్రేకులు క్రెడిట్ కార్డు మీద మార్పించాను. మా ఆయనకి చెప్పిన నష్టం నలభై నాలుగు. అసలు నష్టం రెండు వందల డెబ్బై నాలుగు. ఆ పైన, పిల్లను ఆ బ్రేకులతో స్కూలుకి తిప్పిన ఐదు రోజులు.