ఎక్కే నీరు, దిగే నీరు

మా బావ పోయి మొన్నటికి ఏడాది. అక్క మొగుడు కాబట్టి ఆయన్ని ఆటపట్టించే హక్కు నాకుండేది. ఏళ్ల తరబడి నదితో వేగిన మనిషి కాబట్టి నన్ను భరించే ఓపిక ఆయనకుండేది. "బురద బావా" అని పిలిస్తే, "ఏం మరదలా, ఇవాళైనా స్నానం చేశావా?" అనేవాడు.

ఆయన ఉద్యోగం నది నీళ్లు పట్టడం. వంతెన మధ్యలో నిలబడి, చేప ఆకారంలో ఉన్న ఇనప దిమ్మెను తాడుతో కిందికి వదిలేవాడు. దాని కడుపులో ఒక సీసా. నీళ్లలో మునిగి పైకి వచ్చేసరికి సీసా నిండేది. వంతెన స్తంభం మీది గీతలు చూసి నీటిమట్టం ఎంతో కాగితం మీద రాసి ల్యాబుకు పంపేవాడు. అక్కడ నీళ్లు వడకట్టి, మిగిలిన మన్నులో ఇనుమెంత, భాస్వరమెంత అని చూసేవాళ్లు. ఇరవై రెండేళ్లు అదే పని. ఇంట్లో టీ ఇచ్చినా ముందు గ్లాసు వెలుతురుకు ఎత్తి చూసేవాడు. "తాగండి, అందులో నది లేదు" అనేది అక్క.

ఒక వానాకాలం ల్యాబు నుంచి ఉత్తరం వచ్చింది. ఒకే మట్టం దగ్గర పట్టిన రెండు సీసాల్లో, ఒకదాని మన్నులో భాస్వరం రెండోదానికి రెట్టింపు ఉందట. అందులో ఒకటి వంతెన మీద పట్టింది కాదనీ, ఒడ్డున ఎక్కడో ముంచి తెచ్చిందనీ అనుమానం. వారంలోగా సంజాయిషీ ఇవ్వకపోతే వంతెన పని తప్పించి స్టోరు గదిలో వేస్తామన్నారు.

బావ ఆ పూట అన్నం ముట్టలేదు. "ఒడ్డున ముంచానా? నేనా?" అని గోడనడిగాడు.

"గోడకేం తెలుసు? వెళ్లి వాళ్లనే అడగండి" అంది అక్క. నా వైపు తిరిగి, "నువ్వూ వెళ్లవే. కోపంలో ఈయన నోరు జారతారు" అంది.

ల్యాబు మేడం మమ్మల్ని కూర్చోమని కూడా అనలేదు. బావ ఆ రెండు సీసాలూ తెప్పించుకుని, వాటి మీది ల్యాబు నంబరు చీటీలను తడిగుడ్డతో నానబెట్టి ఒలిచాడు. కింద గాజు మీద మైనపు పెన్సిలు రాత. ఒకదాని మీద 'ఎక్కు', రెండోదాని మీద 'దిగు'.

"ఏంటిది?" అంది మేడం.

"ఇది వరద ఎక్కేటప్పుడు పట్టింది. అది దిగేటప్పుడు పట్టింది. ఎక్కేటప్పుడు నదికి ఒళ్లు తెలీదు మేడం, అడుగునున్న ఇసుకంతా లేపేస్తుంది. దిగేటప్పుడు ఇసుక కిందికి పోయి మెత్తటి బంకమన్నే తేలుతుంటుంది. ఇసుకకి ఏదీ పెద్దగా అంటదు. బంకమన్నుకి అన్నీ అంటుకుంటాయి, మా మరదలికి ఊళ్లో కబుర్లు అంటుకున్నట్టు."

నేను గుర్రుగా చూశాను. మేడం నవ్వలేదు. "సీసా మీద రాసుకుంటే రుజువైపోతుందా?"

"అవదు. వాన పడ్డ రోజు మీరే వచ్చి పట్టండి. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి."

మూడో రోజే ఎగువన వాన కురిసింది. మేడం గొడుగేసుకుని వచ్చింది. నీరు నాలుగో గీతకు ఎక్కుతుండగా తనే తాడు వదిలి, దిమ్మె బరువుకు రెండడుగులు ముందుకు తూలింది.

"గొడుగు నాకివ్వండి. రెండూ పట్టుకోవడం మా వల్లే కాదు" అన్నాడు బావ.

ల్యాబుకు ఒక సీసా పక్కన పెట్టి, ఇంకో సీసా నీళ్లు అరచేతిలో పోసుకుని ఆవిడ వేళ్లతో నలిపింది. గరగరలాడింది. మధ్యాహ్నానికి నది ఇంకా పైకెక్కి, కాసేపు ఆగి, సాయంత్రానికి మళ్లీ నాలుగో గీతకు దిగింది. ఈసారి నలిపితే సబ్బులా జారింది. ఆవిడ మరోసారి నలిపి చూసింది.

నాలుగు రోజులకు లెక్క తేలింది. సాయంత్రపు మన్నులో భాస్వరం పొద్దుటిదానికి రెట్టింపు దాటింది. ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నామని మేడం స్వయంగా ఫోన్ చేసింది. వాళ్ల కాగితంలో ఇన్నాళ్లూ మట్టానికే గడి ఉండేదట. ఇకమీదట 'నీరు ఎక్కుతోందా, దిగుతోందా' అని ఇంకో గడి ఉంటుందని చెప్పింది.

ఫోన్ పెట్టేశాక అందరం నవ్వుకుంటుంటే అక్క మాత్రం నిట్టూర్చింది. "స్టోరు గదిలో వేస్తే వేళకు భోజనానికైనా వస్తారనుకున్నాను."

"వడ్డించు, ఇప్పుడే వచ్చేస్తా" అన్నాడు బావ, చెప్పులు వేసుకుంటూ. ఎగువన మళ్లీ వాన పడుతోందట.