పోల్‌లో లేని పేరు

మిర్యాలగూడలో మూడు గోల్స్ తేడాతో ఓడిపోయి వచ్చిన మర్నాడు, ఆదివారం ఉదయం ఏడింటికి, సూర్యాపేట కాలేజీ గ్రౌండు మెట్ల మీద మా ఫుట్‌బాల్ జట్టుకు తర్వాతి మేనేజర్ ఎవరన్న చర్చ మొదలైంది. ఆ రోజు డైరీలో నేను మొదట రాసిన వాక్యం ఇది: "మనిషి ఇరవై అడుగుల దూరంలో ఉండగానే." ఆ పేజీ తీసినప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా మేనేజర్ బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరైన మనిషి. ఊళ్లో అందరూ పీటీ సారు అంటారు. ఎవరు ఆడాలో, ఎవరు బయట కూర్చోవాలో చెప్పడం దగ్గర్నుంచి, మ్యాచ్ రోజు అందరికంటే ముందొచ్చి సున్నపు పొడితో గీతలు గీయడం దాకా అన్నీ ఆయనే. ఆ గీతలు ఇంకొకరిని గీయనివ్వరు. తాడు కట్టి, రెండుసార్లు కొలిచి, అప్పుడు పొడి చల్లుతారు. నేను గరిడేపల్లి వైపు కాలువ మీద నీటి మట్టాలు రాసే ఉద్యోగం చేసినవాణ్ని. రెండుసార్లు కొలిచే మనిషి కనిపిస్తే నాకు దగ్గరివాడిలా అనిపిస్తాడు. అయినా మా ఇద్దరి మధ్య పెద్దగా మాటలుండేవి కావు. ఆయన గ్రౌండులో, నేను మెట్ల మీద.

మెట్ల మీద కూర్చునేది ఏడెనిమిది మందిమి. అందరం చూసేవాళ్లమే. అందులో గట్టిగా మాట్లాడేది ఇద్దరు. ఒకరు టైర్ల దుకాణం ఉన్నాయన, అందరూ సేటు అంటారు. ఇంకొకరు వకీలు దగ్గర గుమస్తా. ఇద్దరూ ఫోనులో విదేశీ క్లబ్బుల మ్యాచ్‌లు చూస్తారు. అక్కడ వరసగా నాలుగు ఓడితే మేనేజర్‌ను పంపించేస్తారట. ఆయన సామాను సర్దుకోకముందే తర్వాత ఎవరని అభిమానులు జాబితాలు వేస్తారట. ఆ జబ్బు మా మెట్లకూ అంటింది.

"ఇగ పీటీ సారుతోని కాదు," అన్నాడు సేటు. "నిన్న సూసిన్రా? ఎనక ఒక్కడు లేడు. అందరు పెండ్లి బంతికి పోయినట్టు ముందటికే ఉరికిన్రు."

"మరి ఎవర్ని తెస్తవ్ సేటూ? నువ్వొస్తవా?" అన్నాడు గుమస్తా.

"నేనొస్తే ముందుగాల నిన్ను గేటు బయట నిలబెడ్త. కోదాడల ఇంజినీరింగ్ కాలేజీల ఆటలు నేర్పే సారు, పీడీ, ఉన్నడు గద. సర్టిఫికెట్లున్నయ్. ల్యాప్‌టాప్‌ల వీడియో పెట్టి, ఎవడేడ తప్పు చేసిండో ఆపి ఆపి సూపిస్తడట."

"కోదాడాయనా! పోయినేడు మన మీద నాలుగు గోల్స్ కొట్టిచ్చిందే ఆయన. తెచ్చి నెత్తి మీద కూసోబెట్టుకుంటవా?"

"కొట్టిచ్చిండు గాబట్టే తెమ్మంటున్న. నీ మనసుల ఎవరున్నరో చెప్పు వకీల్ సాబ్."

గుమస్తా మనసులో ఉన్నది మిర్యాలగూడలో రైస్‌మిల్లులో పనిచేసే పాత గోల్‌కీపర్. "గోల్‌కీపర్‌కు గ్రౌండంత కండ్ల ముందే ఉంటది," అన్నాడు.

"ఉంటది. కాళ్ల సందుల నుంచి బాలు పోయేది ఒక్కటే కనపడదు."

అందరూ నవ్వారు. పీటీ సారు మాకు వీపు పెట్టి, ప్రాక్టీసు కోసం పెట్టిన ప్లాస్టిక్ కోన్లు ఏరుకుంటున్నారు. ఆ నవ్వు ఆయనకు వినబడింది. వినబడలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఏరిన కోన్లన్నీ మళ్లీ కింద పెట్టి ఇంకోసారి లెక్కపెట్టుకున్నారు.

నేను నోరు తెరవలేదు. అది మొదటి తప్పు. రెండోది ఇంకా పెద్దది. లేవబోతుంటే సేటు నా వైపు తిరిగి, "సార్, మీ డైరీలల్ల అన్ని ఉంటయి గద. బయటి ఊర్లల్ల మనం ఎన్ని గెలిచినమో జర తీసి వాట్సాప్ గ్రూపుల పెట్టుండ్రి," అన్నాడు.

ఉద్యోగంలో చేరినప్పటి నుంచి డైరీ రాస్తున్నాను. ఇంట్లో కూడా ఒక్కరు దాన్ని తెరిచి చూపించమనలేదు. నాకు గొప్పగా అనిపించింది. మధ్యాహ్నం భోజనం కాగానే మూడేళ్ల డైరీలు బల్ల మీద పేర్చి, కోదాడలో, మిర్యాలగూడలో ఆడిన మ్యాచ్‌లన్నీ తేదీలతో, గోల్స్‌తో తెల్ల కాగితం మీద స్కేలుతో గళ్లు గీసి దించాను. గెలిచింది ఒక్కటే. ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. పొగడ్తగా ఎన్ని బొటనవేళ్లొచ్చాయో కూడా డైరీలో రాసుకున్నాను. ఆ మాట దాచను.

పావుగంటలో నా కాగితం కింద సేటు పోల్ పెట్టాడు. "మన తర్వాతి మేనేజర్ ఎవరు?" మూడు వరుసలు. కోదాడ పీడీ. మిర్యాలగూడ గోల్‌కీపర్. వేరే ఎవరైనా.

ఆ గ్రూపు పెట్టిందే పీటీ సారు. ప్రాక్టీసు ఎన్నింటికో చెప్పడానికి పెట్టుకున్న గ్రూపు అది. అందులో ఆయన ఉన్నారన్న సంగతి ఇంతమందిలో ఒక్కరికీ గుర్తురాలేదా, గుర్తొచ్చినా లెక్కచేయలేదా? నాకు ఈ రోజుకూ తెలియదు. రెండింటిలో ఏది నయమో కూడా తెలియదు.

మర్నాడు ఉదయం చూస్తే కోదాడ వరుస బాగా ముందుంది. ఎవరెవరు వేశారోనని నొక్కి చూశాను. కోదాడకు ఓటేసినవాళ్ల ఫొటోల్లో ఒకటి పీటీ సారుది. మెడలో విజిల్.

ఇప్పుడైనా వీళ్లు సిగ్గుపడతారనుకున్నాను. ఎక్కడ! "సారే ఓటేసినంక ఇంకేంది. పెద్దమనిషంటే గట్లుండాలె," అని సేటు గ్రూపులోనే మెచ్చుకున్నాడు. కింద దండం పెట్టే బొమ్మలు బోలెడు. నిలబడ్డ మనిషిని పక్కకు తోసి, పడిపోయినాక ఆయన మర్యాదను మెచ్చుకున్నట్టుంది.

మార్పు వద్దని నేననడం లేదు. నేనూ రిటైరైనవాణ్నే. చివరి రోజు నా తర్వాత వచ్చినాయనకు రిజిస్టరు చేతికిచ్చి, ఏ గేటు బిగుసుకుపోతుందో, ఏ కొలకర్ర కాస్త వంగిందో చూపించి సంతకం పెట్టి వచ్చాను. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు ఇద్దరూ అక్కడే నిలబడి ఉన్నారు. మనిషిని అడగకుండా కుర్చీ ఇంకొకరికి చూపించడం పద్ధతేనా? పైగా ఆ పని నా అక్షరాల కింద జరిగింది.

తర్వాతి ఆదివారం సేటు, గుమస్తా కోదాడ బయలుదేరారు. "సార్, మీరు రావాలె. పెద్దమనిషి ఎంట ఉంటే ఇజ్జత్ ఉంటది," అని నన్నూ బస్సెక్కించారు. ఆపడానికే వెళ్తున్నానని ఆ రోజు డైరీలో రాసి బయల్దేరాను. హైవే పొడుగునా ఒక్క మాట అనలేదు. వాళ్లిద్దరూ గోల్‌కీపర్ సంగతి మీద కొట్లాడుకుంటూనే ఉన్నారు.

కోదాడ పీడీ నలభై దాటని మనిషి. గ్రౌండు పక్కన కుర్చీలు వేయించి మంచినీళ్లిచ్చి, సేటు చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. విని ఒకటే అడిగాడు.

"సారుకి చెప్పారా అండీ?"

"గ్రూపుల పెట్టినం గద," అన్నాడు సేటు.

"గ్రూపు కాదండీ. ఆయన దగ్గరికి వెళ్లి, ఎదురుగా కూర్చొని చెప్పారా?"

"ఆయన గూడ మీకే ఓటేసిండు సార్! కావాల్నంటే సూడుండ్రి," అని సేటు ఫోను తీసి ముందు పెట్టాడు.

పీడీ ఆ పోల్‌ను కాసేపు చూశాడు. ఫోను వెనక్కిచ్చి నా వైపు తిరిగాడు. "మీరు పెద్దవారు. మీరైనా అడగలేదా అండీ ఆయన్ని? రేపు నేను ఓడితే నన్ను కూడా ఇట్టాగే తీసేస్తారు కదా. ఆయనతో మాట్లాడాక రండి. అప్పటిదాకా నేను ఏమీ చెప్పను."

తిరుగు బస్సులో సేటు, "సర్టిఫికెట్లు ఉన్నోనికి గీరెక్కువ," అన్నాడు. గుమస్తా, "అందుకే మిర్యాలగూడ అన్న," అన్నాడు. ఆ మనిషి చెప్పింది ఇద్దరిలో ఒక్కరి చెవిన కూడా పడలేదు. నాకు పడింది. వాళ్ల మీద వచ్చిన కోపంలో సగం నా మీదికే తిరిగింది.

సోమవారం ఉదయం మెట్ల మీదికి వెళ్లకుండా నేరుగా గ్రౌండులోకి దిగాను. పీటీ సారు గోలుకు వల కడుతున్నారు. ఇంకో కొస నన్ను పట్టుకోమన్నారు. పట్టుకొని అడిగాను: కోదాడ ఆయనకు ఓటెందుకేశారని.

"నేనుంటనని ఏసేతందుకు వరుస లేదు గద సార్," అన్నారు ముడి వేస్తూ. "ఉన్నోళ్లల్ల ఆయనే నయం. పిలగాండ్లను తిట్టకుంట నేర్పిస్తడు."

"మీకు ఉండాలని ఉందా?"

"నన్నెవరు అడిగిన్రు? మీరే అడుగుతున్నరు, గిప్పుడు." ఇంకో ముడి వేసి, దాన్ని లాగి చూసి, అప్పుడన్నారు: "ఉన్నది సార్. పొద్దుగాల ఈడికి రాకుంటే నేనేడికి పోవాలె?"

ఆయనే మళ్లీ అందుకున్నారు. "మీ లెక్క కరెక్టే. గాని పోయినేడు కోదాడ మ్యాచ్‌ల మనోళ్లు ముగ్గురు ఆడలే. రాసుకున్నరా?"

"రాశాను. ముగ్గురు రాలేదని."

"రాకపోవుడు కాదు సార్, నేనే పంపిన. తెల్లారి వాళ్లకు కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు పరీక్ష ఉండె. మ్యాచ్‌ల కాలు బెణికితే ఆ ఉద్యోగం ఖతం గద. మ్యాచ్ మళ్లొస్తది."

ఇంటికొచ్చి ఆ ఏడు డైరీ తీశాను. నా గుండ్రటి చేతిరాతతోనే ఉంది: "ముగ్గురు రాలేదు." గ్రూపులో పెట్టిన గళ్ల కాగితంలో ఆ రెండు మాటలు కూడా లేవు. గడిలో పట్టలేదని నేనే వదిలేశాను.

ఆ సాయంత్రం గ్రూపులో రాశాను. పోల్ పెట్టడం నాకు రాదు, అందుకే మామూలుగా రాశాను. ముందు నా కాగితం తప్పు ఒప్పుకున్నాను. ఆ ముగ్గురి సంగతి చెప్పాను. తర్వాత ఇలా ముగించాను: "ఈ జట్టుకు ఇప్పుడు ఒక మేనేజర్ ఉన్నారు. ఆయనకు ఉండాలని ఉంది. మీలో ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడిగి చెబుతున్నాను. ఇకముందు ఆయన వెనక కూర్చొని ఆయన గురించి మాట్లాడేవాళ్లు నా డైరీ అడగవద్దు." ఒక్క బొటనవేలూ రాలేదు. చాలాసేపటికి సేటు రాశాడు: "అయితే గెలవద్దా సార్?"

అది న్యాయమైన ప్రశ్నేనని ఒప్పుకుంటాను. అందుకే జవాబు రాయలేదు. అది నేనివ్వాల్సిన జవాబు కాదు.

ఆదివారం ప్రాక్టీసు కాగానే పీటీ సారు కోన్లు ఏరి సంచిలో వేసుకొని, ఎన్నడూ లేనిది, నేరుగా మెట్ల మీదికి వచ్చారు. సేటు పక్కన జాగా చేసుకొని కూర్చున్నారు.

"చెప్పుండ్రి," అన్నారు. "నా తర్వాత ఎవరు? నాకు గూడ ఒక మాట ఉన్నది. మీ మిర్యాలగూడ ఆయన వద్దు. మోకాలు నొప్పి, గ్రౌండు సుట్టు తిరగలేడు. కోదాడ ఆయన మంచోడే, గాని రోజు ఆడ్నుంచి ఎట్లొస్తడు? ఎనక బ్యాకుల ఆడే మన కెప్టెన్ ఉన్నడు గద. ఒక్క యేడు నా పక్కన నిలబెట్టుకుంట, నేర్పిస్త. వచ్చే యేడు ఆయనకు అప్పజెప్త."

"బ్యాకులోడా!" అన్నాడు సేటు. "మొన్న మూడు గోల్స్ పోయింది ఆయన ఎనకాల్నుంచే గద సార్!"

"ముందటికి ఉరకమన్నది నేను. తప్పు నాది. ఆయన్ని అనకు."

"ఈ యేడు గూడ గిట్లనే ఓడితే?" అన్నాడు గుమస్తా.

"ఓడితే గిట్లనే కూసోని అనుండ్రి. నేను ఈడనే ఉంట."

తర్వాత గంటసేపు కెప్టెన్ పనికొస్తాడా రాడా అని కొట్లాడుకున్నారు. అందరికంటే గట్టిగా అరిచింది పీటీ సారే. సేటు చాయ్ తెప్పించి మొదటి గ్లాసు ఆయనకిచ్చాడు. తప్పయిందన్న మాట మాత్రం సేటు అనలేదు, గుమస్తా అనలేదు, ఓటేసిన వాళ్లలో ఒక్కరూ అనలేదు. ఆ పోల్ ఇప్పటికీ గ్రూపులో అలాగే ఉంది, ఎవరూ తీసేయలేదు. ఆ రోజు డైరీలో ఈ సంగతి కూడా రాశాను. ఆ తేదీ గడిలో పట్టలేదు. పక్క పేజీలోకి వెళ్లింది.