మంచులో గెంతని బిళ్ల

లాంథనం, స్ట్రాన్షియం, మాంగనీసు పొడులు కలిపి, నొక్కి, ఫర్నేసులో కాల్చిన నల్లటి బిళ్ల అది. ఏలూరు కాలేజీ ల్యాబులో నా పరిశోధనంతా దాని మీదే. మండవల్లిలో చేపల లారీలకెక్కించే ఐసు తెప్పించి చల్లబరిస్తే, లోపలి స్ఫటికాల్లో పరమాణువుల అమరిక ఒక్కసారిగా మారిపోయేది. మీటరులో విద్యుత్ నిరోధం చటుక్కున గెంతేది. అయస్కాంతం దగ్గర పెడితే అదే గెంతు వేరే ఉష్ణోగ్రత దగ్గర వచ్చేది. మొదటిసారి చూసినప్పుడు ల్యాబులోనే మోకరించి స్తోత్రం చెప్పుకున్నాను.

ఆ కొలతను, నేను రాసిన పేజీలతో సహా, మా సీనియరు తన థీసిస్‌లో పెట్టి, తనదని చెప్పి గైడుగారికి ఇచ్చాడు. అది పోతే నాకు థీసిస్ లేదు. గైడుగారు అతన్నే నమ్మి, సెమినారులో చేసి చూపించమన్నారు. నా బిళ్లను బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాను. కొత్తది అతనే చేసుకోవాలి.

వానాకాలం. కొల్లేటి మీది తేమగాలికి లాంథనం పొడి నీరు పీల్చుకుంటుంది. ముందు కాల్చి ఆ నీటిని పోగొట్టకుండా తూస్తే, తూకంలో లాంథనం తగ్గిపోతుంది. నేను కాలుస్తుంటే అతను నవ్వేవాడు: "ఏవండీ, జంతికల పిండి వేయిస్తున్నారా?" ఇప్పుడు సీసాలోంచి తీసి నేరుగా తూచుకున్నాడు. పక్కనే నిలబడి చూశాను. నోరు మెదపలేదు.

సెమినారులో ఐసు పోశాడు. నిరోధం మెల్లగా జరిగింది కానీ గెంతలేదు. ఇంకా పోశాడు. లాంథనం తగ్గిన బిళ్ల మారడానికి ఆ చలి చాలదు.

"చేపలకైతే సరిపోద్దండీ!" అన్నారెవరో. హాలంతా నవ్వింది. దేవుడు నా పక్షాన వ్యాజ్యమాడుతున్నాడనుకున్నాను.

గైడుగారు నా వైపు తిరిగారు. "ఏమ్మా, ఏమైందంటావు?"

"చెప్తానండి. ముందు అసలు కొలత ఎవరిదో ఆయన్ని చెప్పమనండి."

అతను తల వంచుకుని ఏదో గొణిగాడు.

"వెనక వాళ్లకి వినపడలేదండీ."

"ఆవిడదేనండి," అన్నాడు గట్టిగా. అప్పుడు వెంట తెచ్చుకున్న నా బిళ్ల తీసి ఐసులో పెట్టాను. గెంతింది.

మా సంఘంలో మనసులో పగ ఉన్నవాళ్లు ప్రభువు బల్లలో చెయ్యి వెయ్యరు. కొలత పోయిన దగ్గర్నుంచి నేనూ ఆ రొట్టె తీసుకోవడం లేదు. ఆ ఆదివారం రొట్టె పళ్లెం నా దగ్గరికి వచ్చినప్పుడు పాస్టరమ్మగారు మెల్లగా, "ఇంక తీసుకోమ్మా, నీ మాట నెగ్గింది కదా," అన్నారు.

"లేదండీ," అన్నాను. "ఆయన థీసిస్‌లో నా పేజీలు ఇంకా అలాగే ఉన్నాయి." పళ్లెం పక్కావిడకి అందించాను.