ముక్కు పిన్ని

మా ఫ్యాక్టరీలో వాడి పారేసిన సీసాలు కరిగించి, మళ్లీ సీసాలకే పనికొచ్చే గింజలు తీస్తాం. ఊరి చెత్తలోంచి మా దాకా వచ్చే ప్రతి ముక్కా ముందు ముక్కు పిన్ని చేతిలో పడాల్సిందే. ఇరవై రెండేళ్లుగా ఆమెది ఒకటే పని. అనుమానం వచ్చిన ముక్క అంచును లైటరుతో కాల్చి, ఊది ఆర్పి, పొగ వాసన చూస్తుంది. తియ్యగా ఉంటే సీసా రకం. ముక్కు మండితే పైపు రకం. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, నీళ్లలో వేస్తే రెండూ మునుగుతాయి. పైపు రకం పిడికెడు కలిసినా కరిగే సరుకంతా రంగు మారి పెళుసైపోతుంది.

నేను అక్కడ ల్యాబులో గింజల నాణ్యత చూస్తాను. చేరిన వారానికే ఆమెకు చెప్పాను.

"పిన్నీ, అది యాసిడ్ పొగ. లోపలంతా కాల్చేస్తుంది."

"మా ఇంట్లో నేను మాడ్చే కూర కంటే నయమేలే."

సరుకు దించుతున్న ఆమె తమ్ముడు ఆగాడు. "అది మాత్రం నిజం మేడం. తిన్నవాణ్ని, చెబుతున్నా."

"తేరగా తిని పేర్లు పెడతాడు చూడు," అంది పిన్ని.

నా బాబుకు పదకొండు నెలలు. చూసేవాళ్లు లేక ల్యాబు పక్క గదిలో పడుకోబెట్టేదాన్ని. మధ్యాహ్నం పిన్ని వచ్చి కాసేపు ఎత్తుకునేది. ఒకరోజు గది గుమ్మంలోకి రాగానే నాకు కంపు కొట్టింది. బాబు దొడ్డికి వెళ్లాడు, పిన్ని చీర కూడా తడిసింది. ఆమె మాత్రం వాణ్ని ఒళ్లో ఊపుతూ నవ్విస్తోంది. నా మొహం చూసి కిందికి చూసుకుంది.

"వాసన ఎప్పట్నుంచి తెలీడం లేదు పిన్నీ?"

"ఎండలు ముదిరినప్పట్నుంచి." కొంగుతో తుడవసాగింది. "ఎవరితో అనకమ్మా. ముక్కలు ఏరే బల్ల పోతే తడిచెత్త గుట్ట ఎక్కిస్తారు. నా మోకాళ్లు ఎక్కనివ్వవు."

"మరి ఎలా ఏరుతున్నావు?"

"వంచి చూసి, చప్పుడు విని. అంతా దేవుడి మీద భారం."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు రాగి తీగ తెచ్చాను. దాన్ని ఎర్రగా కాల్చి, ముక్కకు ఆనించి, మళ్లీ మంటలో పెడితే పైపు రకానికి మంట ఆకుపచ్చగా మారుతుంది. కళ్లుంటే చాలు. పిన్ని పూట తిరక్కుండా నేర్చుకుంది. మూడు వారాలు గింజలు మచ్చ లేకుండా వచ్చాయి.

సూపర్‌వైజర్ వచ్చి బల్ల వెనక నిలబడ్డాడు. "ఈ పచ్చమంట ఏమిటి మేడం?"

చదివినదాన్ని కదా, ఎవరైనా అడిగితే నోరు ఆగదు. మొత్తం విడమరిచి చెప్పి, "ఎవరైనా ఒక్క పూటలో నేర్చుకోవచ్చు," అన్నాను.

పిన్ని చెయ్యి ఆగింది. తల మాత్రం ఎత్తలేదు.

సోమవారం ఆ బల్ల దగ్గర తక్కువ కూలికి వచ్చిన ఇద్దరు కొత్త ఆడవాళ్లున్నారు. పిన్ని గుట్ట మీద ఉంది. నేను సూపర్‌వైజర్ గదిలోకి వెళ్లాను. ఇక దాచి లాభం లేదనుకున్నాను.

"ఈ పనిలోనే ఆవిడకి వాసన తెలియకుండా పోయింది సార్. అలాంటి మనిషిని గుట్ట ఎక్కిస్తారా?"

ఆయన పెన్ను పక్కన పెట్టాడు. "వాసనే తెలీదా? గుట్టలోంచి గ్యాస్ లేస్తే ఎలా తెలుస్తుంది మరి? అక్కడ కూడా ఉంచకూడదు మేడం."

అది తప్పని అనలేకపోయాను. ఆ గ్యాస్ సంగతి ఆయనకంటే నాకే బాగా తెలుసు.

ఆ రోజే పిన్నిని పనిలోంచి తీసేశారు. సాయంత్రం గేటు దగ్గర ఆమె కోసం నిలబడ్డాను. పిన్ని తమ్ముడి భుజం పట్టుకుని వచ్చింది.

"పిన్నీ, నేను అనుకున్నది వేరు..."

"నీ నోటికి తాళం వెయ్యమని అడిగానమ్మా," అంది. "అంతేగా అడిగాను."

తమ్ముడు నా వైపు చూడలేదు.

బల్ల దగ్గర కొత్తవాళ్లు రోజంతా తీగ కాలుస్తున్నారు. ముక్కల మీది పొగ నేరుగా వాళ్ల మొహాలకే కొడుతోంది. పొగ లాగే ఫ్యాను కావాలని రెండుసార్లు రాసిచ్చాను. ఇంకా పెట్టలేదు.